టంకం పెట్టిన ప్లగ్గు

సెప్టెంబర్ 17, మంగళవారం

గిన్నె ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ పేటలో ఇచ్చేసి ఇప్పుడే ఇంటికి వచ్చాను. ఇరవై లీటర్ల స్టీలు గిన్నె. అడుగున పక్కగా చిల్లు చేసి మూడు కిలోవాట్ల ఎలిమెంట్ బిగించాను. నీళ్ళ హీటర్లో ఉండే రాడ్డు లాంటిదే. చుక్క కారదు. సౌభాగ్యమ్మ గారు గిన్నె చుట్టూ రెండుసార్లు తిరిగి, "అయితే ఇంక గ్యాసు పొయ్యి కోసం కాసుక్కూర్చోనక్కర్లేదన్నమాట" అన్నారు. అక్కర్లేదు. ఆవిడ ఉండే విల్లాలో పదకొండు మందికి ఒక్క పొయ్యి. మంగళవారం వస్తే ఆవిడకి దొరికేది అందరి అన్నాలూ అయ్యాకే.

తొమ్మిదేళ్ళుగా మా మందిరంలో ప్రభువు బల్లకి ద్రాక్షరసం చేసేది ఆవిడే. పగలు స్కూల్లో ఆయా పని, మంగళవారం సాయంత్రం ఈ పని. మా సహవాసంలో పులియని రసమే వాడతాం. ఈ దేశంలో పులిసినదాని మాట ఎత్తడం కూడా మంచిది కాదు. నల్ల ద్రాక్ష నలిపి, వడగట్టి, గంటసేపు మరగబెట్టి క్యాన్లలో పోస్తారు. గంట మరిగితే శుక్రవారం ఆరాధన దాకా చెక్కు చెదరదు. మరగకపోతే దాని దారి అది చూసుకుంటుంది.

ప్లగ్గు కూడా నేనే పెట్టాను. తీగ కొసలు మెలిపెట్టి, టంకం పోసి, ఆ తర్వాతే స్క్రూ కింద బిగించాను. పాలకొల్లులో మా మాస్టారి రేడియో షాపులో నేర్చుకున్న పద్ధతి. ఒక్క పోగు పక్కకి రాదు. ఇలాంటి కనెక్షన్ దోహా మొత్తంలో ఎవడూ పెట్టడు. పెర్సిస్ చూసి "బాగుంది" అంది. పెళ్ళయిన పదహారేళ్ళలో నా పని గురించి ఆ మాట అనడం ఇది మూడోసారి.

సెప్టెంబర్ 25, బుధవారం

సౌభాగ్యమ్మ గారి ఫోన్. ప్లగ్గు వేడెక్కుతోందట. మూడు కిలోవాట్లు లాగే ప్లగ్గు వేడెక్కక మంచు కడుతుందా.

అక్టోబర్ 2, బుధవారం

మళ్ళీ ఫోన్. ఈసారి ప్లగ్గు పట్టుకోలేకపోయారట, తడిగుడ్డ కప్పారట. కరెంటు దగ్గర తడిగుడ్డ! గట్టిగానే చెప్పాను. "సరే అబ్బాయ్, తెలియక" అన్నారు. పెద్దావిడ మీద గొంతు లేపినందుకు కాస్త బాధేసింది కానీ ప్రాణం కంటే ఎక్కువ కాదు కదా.

అక్టోబర్ 9, బుధవారం

డ్యూటీ అయ్యాక రాస్ లఫాన్ ప్లాంటు నుంచి బస్సు గంటన్నర ఆలస్యం. ఒళ్ళు హూనం. బస్సులో ఉండగా సౌభాగ్యమ్మ గారు ఫోన్ చేశారు. రసం పచ్చివాసన పోలేదు, ఇంకోసారి మరగబెట్టనా అని. గంటసేపు పెట్టారా అంటే పెట్టాను, స్విచ్ దగ్గర ఎర్రలైటు వెలుగుతూనే ఉంది అన్నారు. మరి ఇంకేం. మళ్ళీ మరగబెడితే మాడువాసన వస్తుంది, వదిలెయ్యండి అన్నాను. ఆవిడకి ఈమధ్య అన్నిటికీ అనుమానమే.

అక్టోబర్ 11, శుక్రవారం

ఏం రోజు ఇది.

పొద్దున్నే మందిరం వంటగదిలో చిన్న కప్పుల్లో రసం పోయడానికి రత్నకుమార్ గారు క్యాన్ మూత తిప్పారు. మా పెద్దల్లో ముఖ్యుడు ఆయన, ఏదో ఆఫీసులో మేనేజరు. మూత బుస్సుమంది. నురగ పొంగి ఆయన తెల్లచొక్కా మీద పడింది. వాసన చెప్పక్కర్లేదు. నాలా కోనసీమలో పెరిగినవాడికి ఆ వాసన ఎవరూ పరిచయం చెయ్యనక్కర్లేదు.

ఆయన మూత బిగించి నాలుగు వైపులా చూశారు. రెండో క్యాన్ కూడా అంతే. మొత్తం సింకులో పోసి, అరగంట నీళ్ళు వదిలి, కిటికీలు తీశారు. ఒకతన్ని పంపించి షాపు నుంచి డబ్బా రసం తెప్పించారు. ఆరాధన నలభై నిమిషాలు ఆలస్యం. పాటలతో నెట్టుకొచ్చారు.

మధ్యాహ్నానికి మా సహవాసంలోని ఇద్దరు సిస్టర్లు విల్లాకి వెళ్ళి సౌభాగ్యమ్మ గారి అలమారా చూశారట. ఈస్ట్ ప్యాకెట్ దొరికిందట. స్కూల్లో చిన్నపిల్లలకి బన్నులు చేసుకెళ్తుంటాను అని ఆవిడ చెప్పారట. బన్నులకి ఈస్ట్ కావాలి, నిజమే. సారాకీ కావాలి. సాయంత్రానికి ఫోన్లలో ఆ మాట తిరుగుతోంది. సౌభాగ్యమ్మ సారా కాస్తోందట. పెర్సిస్‌కి ముగ్గురు ఫోన్ చేశారు. ముగ్గురి మీదా అరిచింది.

ఆ మాట విల్లా యజమాని చెవిన పడితే ఆవిడ గది పోతుంది. స్కూలు దాకా పోతే ఉద్యోగం, వీసా, అన్నీ.

అక్టోబర్ 12, శనివారం

పెద్దల మీటింగ్. నన్నూ పిలిచారు. సౌభాగ్యమ్మ గారిని ప్లాస్టిక్ కుర్చీలో మధ్యన కూర్చోబెట్టారు. ఆవిడ చెప్పింది ఇది. మంగళవారం ఏడింటికి గిన్నె పెట్టారు. పక్కగది వహీదా బిడ్డకి జ్వరం ఎక్కువైతే క్లినిక్‌కి తోడు వెళ్ళారు. గంట తర్వాత వచ్చారు. లైటు వెలుగుతోంది, గిన్నె చెయ్యి కాలేంత వేడిగా ఉంది. అంతే.

రత్నకుమార్ గారు నా వైపు తిరిగారు. "బ్రదర్ ఏబెల్, మీ మిషన్లో లోపం ఉండే అవకాశం ఏమైనా ఉందా? ఉందంటే మాట ఇక్కడితో అయిపోద్ది."

"లేదండి. నేను పెట్టిన కనెక్షన్ అది."

సౌభాగ్యమ్మ గారు నా వైపు చూశారు. ఏదో అంటారనుకున్నాను. అనలేదు.

ఒప్పుకుంటే ప్రార్థన చేసి మళ్ళీ కలుపుకుంటామన్నారు పెద్దలు. ఆవిడ "చెయ్యనిదాన్ని ఎలా ఒప్పుకోమంటారండి? దేవుడి బల్ల దగ్గర అబద్ధం ఆడమంటారా?" అన్నారు. గొంతు పెంచలేదు. ఒప్పుకునేదాకా బల్లకి దూరంగా వెనక బెంచీలో కూర్చోవాలని తీర్మానం. గిన్నె వెనక్కి తెప్పించి నాకు అప్పగించారు.

నేను అడిగినదానికి జవాబు చెప్పాను. లేని లోపం ఉందని చెప్పమంటారా. ఇరవై ఆరేళ్ళ పని నాది.

అక్టోబర్ 13, ఆదివారం

పెర్సిస్‌తో గొడవ. డ్యూటీ నుంచి వచ్చి బూట్లు విప్పకముందే మొదలు.

"అంటే ఆవిడ సారా కాసిందనా మీరనేది?"

"నేనలా అన్లేదు."

"మీ ప్లగ్గు మంచిదైతే ఆవిడ చెడ్డది. ఇంక మధ్యలో వేరే మాట లేదండి."

ఇంకేదైనా అయి ఉండొచ్చు అన్నాను. ద్రాక్ష కుళ్ళింది కావచ్చు. క్యాన్లు కడగలేదు కావచ్చు. విల్లాలో సాకెట్ పాడై ఉండొచ్చు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, ప్రతివాళ్ళకీ కరెంటు పనివాడే దొరుకుతాడు. పెర్సిస్ క్లినిక్ ల్యాబ్‌లో పని చేస్తుంది. "మా దగ్గర చూడకుండా రిపోర్ట్ రాస్తే ఉద్యోగంలోంచి తీసేస్తారు. మీరు గిన్నె తిప్పి కూడా చూడకుండా రాసేశారు" అంది.

చూస్తాను. చూసి నోరు మూయిస్తాను.

అక్టోబర్ 15, మంగళవారం

చూశాను.

ఎలిమెంట్ రెసిస్టెన్స్ పంతొమ్మిది ఓమ్‌లు. ఉండాల్సినంత ఉంది. బాడీకి లీకేజీ లేదు. పది లీటర్ల నీళ్ళు పోసి మా వంటింట్లో పెట్టాను. పది నిమిషాలకి నీళ్ళ మోత మొదలైంది. ఆపేశాను. బ్రహ్మాండం. పెర్సిస్ "గంట పెట్టండి" అంది. కరెంటు దండగ అన్నాను.

తర్వాత విల్లాకి వెళ్ళాను. సౌభాగ్యమ్మ గారు స్కూలు నుంచి రాలేదు. వహీదా తలుపు తీసింది. నిజామాబాద్ అమ్మాయి. సాకెట్‌లో 238 వోల్టులు, బాగానే ఉంది. కానీ ఒకచోట దొరికింది నాకు. ఎర్త్ రంధ్రంలో పెన్ను రీఫిల్ గుచ్చి, ఇండియా నుంచి తెచ్చిన రెండు పిన్నుల ఇస్త్రీపెట్టె ప్లగ్గు లోపలికి తోసేశారు. ఇక్కడ సగం మంది మనవాళ్ళు చేసే పని ఇది. సాకెట్ లోపల రేకులు వదులైపోతాయి. ఫోటో తీసి రత్నకుమార్ గారికి పంపాను.

వహీదా అంది, "భయ్యా, అది మా గది సాకెట్. అమ్మ గిన్నె పెట్టేది వంటింట్ల."

అయినా ఫోటో ఫోటోనే.

అక్టోబర్ 18, శుక్రవారం

సౌభాగ్యమ్మ గారు వచ్చారు. రారేమో అనుకున్నాను. ఇస్త్రీ చేసిన తెల్లచీర, తలమీద ముసుగు. వెనక బెంచీలో ఒక్కరే. రసం కప్పుల పళ్ళెం ఆవిడ ముందు నుంచి వెళ్ళింది. ఆవిడ చేతులు ఒళ్ళోనే ఉన్నాయి. తల వంచలేదు.

నేను కప్పు తీసుకున్నాను. షాపు రసం. తియ్యగా, మందులా ఉంది.

అక్టోబర్ 19, శనివారం

ఊరికే ప్లగ్గు విప్పి చూశాను. ఫేజ్ పిన్ను దగ్గర ప్లాస్టిక్ గోధుమరంగు తిరిగింది. స్క్రూ అరచుట్టు వదులుగా ఉంది. నేను బిగించిన స్క్రూ వదులవడం జరగదు. ఎవరో విప్పి చూశారు.

విల్లాలో స్క్రూడ్రైవర్ ఎవరి దగ్గర ఉంటుంది?

ఉంటుంది. ఎవరో ఒకరి దగ్గర ఉంటుంది.

పాత ప్లగ్గు చైనాది. అదే అసలు సంగతి. ఉమ్ ఘువైలినాలో మా ఇంటి కింద షాపులో ఇంగ్లండ్‌ది మంచిది తెచ్చాను. తీగ కొసలకి టంకం ఈసారి ఇంకాస్త మందంగా పోశాను. అద్దంలా మెరిసింది. పెర్సిస్‌ని పిలిచి చూపించాను. చూసి వెళ్ళిపోయింది. బాగుంది అనలేదు.

అక్టోబర్ 22, మంగళవారం

సరే, గంట పెట్టాను. పెర్సిస్ నోరు మూయించడానికే పెట్టాను.

కుర్చీలు వేసుకుని ఇద్దరం ఎదురుగా కూర్చున్నాం. పన్నెండు నిమిషాలకి మోత. పాతిక నిమిషాలకి తెర్లడం మొదలైంది. ముప్ఫై ఎనిమిదో నిమిషంలో చప్పుడు ఆగింది. బుడగలు తగ్గాయి, తర్వాత లేవు. స్విచ్ మీద ఎర్రలైటు మాత్రం వెలుగుతూనే ఉంది. అది వెలిగేది సాకెట్‌కి కరెంటు ఉన్నంతసేపూ. గిన్నెకి అందుతోందో లేదో దానికేం తెలుసు.

ప్లగ్గు ముట్టుకున్నాను. పట్టుకోలేకపోయాను. వైరు కదిపితే చిటపటమని మళ్ళీ అందుకుంది.

గిన్నె కదిలింది, అందుకే అన్నాను. పెర్సిస్ లేచింది. చిన్న కాగితం మీద 38 అని రాసి ఫ్రిజ్ మీద అంటించింది. నీళ్ళు తాగాలంటే దాని మొహం చూడాల్సిందే.

అక్టోబర్ 24, గురువారం

కాలిన ప్లగ్గులు రెండూ టిఫిన్ సంచీలో వేసుకుని డ్యూటీకి పోయాను. టీ టైములో షెడ్డు వెనక కూర్చుని తిప్పి తిప్పి చూస్తున్నాను. నర్సింలు వచ్చాడు. జగిత్యాల మనిషి, నా గ్యాంగులో హెల్పర్. ఆరేళ్ళ క్రితం సిమెంటు పని నుంచి మా వైపు వస్తే టెస్టర్ పట్టుకోవడం దగ్గర్నుంచి నేనే నేర్పాను. నా కంటే రెండేళ్ళు పెద్దవాడు.

"సార్, ఒక్కటి చెప్తా. కోపం చెయ్యొద్దు."

"చెప్పు."

"గీ టంకం ఎవరు వెట్టిండ్రు?"

"ఎవరు పెడితే ఏంటి?"

"ఎవరు వెట్టినా గిదే లొల్లి సార్. సీసం మెత్తగుంటది. స్క్రూ కింద రోజింత అణుగుతది. అణిగితే స్క్రూ వదులైతది. వదులైతే ఏడెక్కుతది. ఏడెక్కితే ఇంకింత మెత్తవడ్తది. ఇగ దానికి అంతెక్కడిది?" ప్లగ్గు నా చేతిలోంచి తీసుకుని గోటితో గీకాడు. "మన ప్యానెల్ల ఎన్నడన్న తీగకు టంకం వోసి స్క్రూ కింద వెడ్తమా? తీగ కొసకు గొట్టం లగ్గు ఎక్కించి మిషన్‌తోని నొక్కుతం. మీరే నేర్పితిరి నాకు."

నీ పని చూసుకో అన్నాను. వాడు టీ గ్లాసు కడుక్కుని వెళ్ళిపోయాడు.

వాడికేం తెలుసు. మాస్టారి టంకం ముప్ఫై ఏళ్ళు ఆగిన రేడియోలు ఉన్నాయి పాలకొల్లులో.

రేడియో ఎన్ని ఆంపియర్లు లాగుతుంది?

అక్టోబర్ 25, శుక్రవారం

రెండో వారం. ఆవిడ అదే బెంచీ. పళ్ళెం అలాగే దాటింది.

గొంతు బాగాలేదు, లేకపోతే ఇవాళ లేచి చెప్పేవాణ్ణి. మూడు పాటలు పాడాను. పాటలకి వచ్చింది గొంతు.

అక్టోబర్ 26, శనివారం

పొద్దున్నే కూర్చుని ఈ డైరీ వెనక్కి తిప్పాను. నా మీద నేనే కేసు పెట్టుకున్నట్టుంది.

సెప్టెంబర్ 25, ప్లగ్గు వేడెక్కుతోందన్నారు. వెటకారం రాసుకున్నాను. అక్టోబర్ 2, పట్టుకోలేకపోతున్నానన్నారు. అరిచాను. అక్టోబర్ 9, పచ్చివాసన వస్తోంది, మళ్ళీ మరగబెట్టనా అని అడిగారు. కొత్త ప్లగ్గే ముప్ఫై ఎనిమిది నిమిషాలకి ఆగితే, అప్పటికే వారాలుగా కాలుతున్న పాతది రసం తెర్లకముందే ఆగి ఉంటుంది. మళ్ళీ మరగబెట్టి ఉంటే ఏ గొడవా లేదు. వద్దన్నది నేను. నా చేత్తో నేనే రాశాను ఇక్కడ.

ఇంకా ఘోరం ఏమిటంటే పెద్దల ముందు ఆవిడ ఈ మూడింట్లో ఒక్కటి కూడా చెప్పలేదు. "ఏబెలుకి మూడుసార్లు ఫోన్ చేశాను" అంటే సరిపోయేది. నా వైపు చూశారు. నేను చెప్తానని చూశారు. నేను "నేను పెట్టిన కనెక్షన్ అది" అన్నాను, మెడ నిక్కించి.

సిగ్గుగా ఉంది. ఇంతకంటే మంచి మాట దొరకలేదు.

పెర్సిస్‌కి చెప్పాను. "తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు అనే మగాణ్ణి చేసుకున్నానని నాకు ఎప్పుడో తెలుసు. నాలుగోది కనపడిందిగా, ఇప్పుడేం చేస్తారో చెప్పండి" అంది.

అక్టోబర్ 29, మంగళవారం

రత్నకుమార్ గారింటికి వెళ్ళాను. ప్లగ్గులు బల్ల మీద పెట్టి అంతా చెప్పాను. ఫోన్ల సంగతి కూడా. ఆయన శ్రద్ధగా విన్నారు. అల్లం టీ ఇప్పించారు. తర్వాత అన్నారు, "ప్లగ్గు షాపులో కొన్నదే కదా. దాంట్లో లోపం అని చెప్దాం. మీ పేరెందుకు మధ్యలో? వచ్చే నెల మిమ్మల్ని మందిరం పరిచర్య బాధ్యతల్లోకి తీసుకోవాలని అనుకుంటున్నాం బ్రదర్. జనం రకరకాలుగా అనుకుంటారు."

"మరి సౌభాగ్యమ్మ గారి గురించి జనం అనుకున్నదో అండి?"

"మెల్లిగా సర్దుకుంటుంది. ఒక వారం ఆగండి. నేను సందర్భం చూసి చెప్తాను."

ఆగుతానని వచ్చాను. ఎందుకు ఆగుతానన్నానో నాకు తెలుసు. పరిచర్య అనే మాట చెవికి తియ్యగా వినపడింది.

నవంబర్ 1, శుక్రవారం

సందర్భం చూశారు ఆయన. ప్రకటనల్లో, పోయిన గొడుగు సంగతికీ పిక్నిక్ బస్సు సంగతికీ మధ్యన, "సిస్టర్ సౌభాగ్యమ్మ గారి విషయమై ప్రార్థించండి" అన్నారు. అంతే. జనం వెనక్కి తిరిగి చూశారు, ఆవిడ ఇంకేదో చేసినట్టు.

మూడో వారం. పళ్ళెం దాటింది.

ఇంక ఎవరి సందర్భమూ చూడను.

నవంబర్ 8, శుక్రవారం

చెప్పేశాను.

పాటల తర్వాత, బల్లకి ముందు లేచాను. నన్ను ఎవరూ పిలవలేదు. మైకు దగ్గరికి నడిచాను. రత్నకుమార్ గారు "ఏంటి బ్రదర్, సాక్ష్యమా?" అన్నారు. అవునండి అన్నాను. జేబులోంచి ప్లగ్గు తీసి పైకి పట్టుకున్నాను. ఏం మాట్లాడానో రాసిపెట్టుకోవాలి, రేపు ఎవరైనా మరోలా చెప్తే నాకైనా గుర్తుండాలి.

"ఇది ద్రాక్షరసం గిన్నెకి నేను పెట్టిన ప్లగ్గు. తీగకి టంకం పోసి స్క్రూ కింద బిగించాను. అది తప్పు. డ్యూటీలో నేను అలా చెయ్యను, ఇక్కడ నా పనితనం చూపించుకోవడానికి చేశాను. వేడికి వదులైపోయి మధ్యలో కరెంటు ఆగిపోయింది. లైటు మాత్రం వెలుగుతుంది. రసం మరగలేదు, అందుకే పులిసింది. సౌభాగ్యమ్మ గారు ప్లగ్గు వేడెక్కుతోందని నాకు రెండుసార్లు చెప్పారు, మళ్ళీ మరగబెట్టనా అని మూడోసారి అడిగారు. నేనే వద్దన్నాను. పెద్దలు నన్ను అడిగినప్పుడు లోపం లేదన్నాను. ఆవిడ చెయ్యని తప్పుకి మూడు వారాలు వెనక కూర్చున్నారు. షాపువాడి తప్పు లేదు. ప్లగ్గు తప్పు లేదు. నాదే."

రత్నకుమార్ గారు మెల్లిగా, "చాలు బ్రదర్, కూర్చోండి" అన్నారు.

"కూర్చుంటానండి. ఆవిడ కూర్చున్న చోటే కూర్చుంటాను. ఆవిణ్ణి ఎన్ని వారాలు బల్లకి దూరం పెట్టారో అన్ని వారాలు నేనూ ముట్టను. ఆవిణ్ణి ముందుకి పిలవండి."

పిలిచారు. పిలవక చస్తారా, రెండువందల మంది చూస్తుంటే. ఆయన మొహం గంటు పెట్టుకునే పిలిచారు. సౌభాగ్యమ్మ గారు లేచి ముందుకి వెళ్ళారు. నేను వెనక బెంచీకి వెళ్ళాను. దారిలో ఎదురుపడ్డాం. ఆవిడ పక్కకి జరిగి దారి ఇచ్చారు.

పళ్ళెం నా ముందుకొచ్చింది. దాటించాను. ఛాతీ వెడల్పయినట్టు అనిపించింది. పరిచర్య పోతే పోయింది. కావాలంటే మందిరంలో నేను చూసే ఎలక్ట్రికల్ పని కూడా ఇంకెవరికైనా ఇచ్చుకోమనండి.

నవంబర్ 9, శనివారం

నిన్న రాసిన చివరి నాలుగు లైన్లు కొట్టేద్దామనుకున్నాను. ఉంచుతున్నాను.

పొద్దున విల్లాకి వెళ్ళాను. సౌభాగ్యమ్మ గారు బయట మెట్ల మీద కూర్చుని కొత్తిమీర బాగుచేస్తున్నారు. పక్కన కూర్చోమన్నారు. క్షమించమని అడిగాను. "క్షమించకుండా ఎక్కడికి పోతాను" అన్నారు. ఆ మాట అంటూ కొత్తిమీర కాడలు తుంచడం ఆపలేదు. నాకు ఏదో తక్కువైనట్టు అనిపించింది. అందుకే అనుకుంటా, మూడు వారాలూ పూర్తిగా కూర్చుంటానమ్మా అని మళ్ళీ చెప్పాను.

అప్పుడు ఆపారు.

"ఎందుకు?"

"మీరు కూర్చున్నారు కదమ్మా. నేనూ కూర్చోవాలి."

"నేను తప్పు చెయ్యకుండా కూర్చున్నాను అబ్బాయ్. నువ్వు తప్పు చేసి కూర్చుంటున్నావ్. రెండూ ఒకటి చెయ్యకు."

మళ్ళీ ఆవిడే అన్నారు, "నిన్న అందరూ ఏబెలు ఎంత ధైర్యంగా ఒప్పుకున్నాడో అనుకుంటా ఇంటికెళ్ళారు. నాకు ఫోన్ చేసినోళ్ళు కూడా నీ గురించే చెప్పారు. నా దగ్గరికొచ్చి, నిన్ను సారాదాన్ని అన్నామమ్మా, తప్పయిపోయింది అన్నవాళ్ళు ఒక్కళ్ళు లేరు."

"మరి నన్నేం చెయ్యమంటారమ్మా?"

"ఏం చేస్తావ్? నువ్వేం చేసినా నీ పేరులోకే పోతుంది. ఆ గిన్నె మాత్రం తిన్నగా చేసి పంపించు. మళ్ళీ రసం కోసం గ్యాసు పొయ్యి దగ్గర నిలబడే ఓపిక లేదు నాకు."

లేచి లోపలికి వెళ్ళారు. కొత్తిమీర కట్ట చేతిలోనే ఉంది.

ఇంటికొచ్చి పెర్సిస్‌కి చెప్తే, నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. బ్యాగు తీసుకుని బయల్దేరింది. ఎక్కడికంటే, మొన్న అలమారా వెతికిన సిస్టర్ల ఇళ్ళకి అంది. "వాళ్ళని తీసుకెళ్ళి ఆవిడ గుమ్మం ముందు నిలబెడతాను. అన్న చోటే అనాలి తప్పయిందని." నేనూ వస్తానన్నాను. "మీరొద్దు. మీరొస్తే మళ్ళీ మీ కథే అవుతుంది" అంది.

రాత్రి ఎనిమిదింటికి వచ్చింది. ఇద్దరూ వచ్చారట, చెప్పారట. వహీదా వాళ్ళూ అందరూ వింటుండగానే. రత్నకుమార్ గారు మాత్రం ఫోన్లో చెప్తానన్నారట. సౌభాగ్యమ్మ గారు ఫోన్ ఎత్తలేదట. ఎత్తనక్కర్లేదు. గుమ్మంలోకి వచ్చేదాకా ఎత్తకూడదు.

నవంబర్ 12, మంగళవారం

నర్సింలు దగ్గర ఆదివారమే తల వంచాను. వాడు దాన్ని పెద్ద సంగతి చెయ్యలేదు. "అయ్యో గంతేనా సార్, యల్లా, నడువుండ్రి, ఎప్పుడు పోదాం?" అన్నాడు. ఇవాళ డ్యూటీ అయ్యాక తను ఉండే అల్‌ఖోర్ క్యాంపు దగ్గర దిగకుండా నాతోపాటు దోహా వచ్చాడు.

పని వాడే చేశాడు. నేను టార్చి పట్టుకున్నాను. టంకం ఉన్న ముక్క కత్తిరించి పారేశాడు. చదరపు ప్లగ్గు తీసేసి, పెద్ద లోడ్లకి పెట్టే నీలం గుండ్రటి ప్లగ్గు పెట్టాడు. వంటింట్లో దానికి సరిపడే సాకెట్, విడిగా బ్రేకర్. తీగలకి గొట్టం లగ్గులు ఎక్కించి నొక్కాడు. ప్రతి తీగా లాగి చూశాడు. నేను చెయ్యి చాపితే, "ఉండుండ్రి సార్, నేను జూస్త" అన్నాడు. పళ్ళు బిగబట్టి ఉన్నాను. మొత్తం గంటా పదినిమిషాలు మరిగించాం. ప్లగ్గు చల్లగానే ఉంది. వాడు సౌభాగ్యమ్మ గారి చెయ్యి పట్టి దాని మీద పెట్టించాడు. "అవ్వా, గిది గింత ఏడున్నా బంద్ జెయ్యి. ఎవ్వలు ఏం జెప్పినా ఇనకు."

"ఎవ్వరు చెప్పినా విన్ను" అన్నారు ఆవిడ, నా వైపు చూడకుండా.

తర్వాత వాడికి అన్నం పెట్టారు. చేపల పులుసు. నాకూ పెట్టారు. వాడికి రెండు ముక్కలు, నాకు ఒకటి.

నవంబర్ 15, శుక్రవారం

వెనక బెంచీకి వెళ్ళలేదు. మామూలుగా మేము కూర్చునే చోటే, ఐదో వరసలో, పెర్సిస్ పక్కన కూర్చున్నాను. మూడు వారాలని మైకులో అన్నది నేను. మానేస్తే మాట తప్పినట్టు. వెనక్కెళ్ళి కూర్చుంటే ఆవిడ చెప్పినట్టే అదీ నా పేరులోకే. మా సౌభాగ్యమ్మ గారి నోట్లో నాలుక కాదు, కత్తెర ఉంది.

రత్నకుమార్ గారు ఆరాధనకి ముందు ఆవిడ కూర్చున్న వరస దగ్గరికి వెళ్ళి వంగి ఏదో చెప్పడం చూశాను. గుమ్మం కాదు. ఆవిడ లేచి నిలబడి విన్నారు, తల ఊపలేదు. అది వాళ్ళిద్దరి సంగతి. నేను వేలు పెట్టను, నా వేలు పెట్టిన చోట ఏం జరిగిందో చాలు.

పళ్ళెం వచ్చింది. ఎవరూ నా వైపు చూడటం లేదు. అందరూ కళ్ళు మూసుకునో, తల వంచుకునో ఉన్నారు. కప్పు తీసుకోకుండా పళ్ళెం పెర్సిస్‌కి అందించాను. ఆమె తీసుకుంది. పళ్ళెం ముందుకి వెళ్ళిపోయింది. సౌభాగ్యమ్మ గారి వరసకి కూడా వెళ్ళింది. ఆవిడ చెయ్యి చాపి తీసుకోవడం నాకు భుజాల మధ్య నుంచి కనపడింది.

బయట టీ దగ్గర అందరూ అంటున్నారు, ఈ వారం రసం ఎప్పటికంటే చాలా బాగుందని, షాపుది తాగి తాగి ఆ రుచే మర్చిపోయామని. ఒకాయన నన్ను కూడా అడిగాడు. ఎలా ఉందో నాకు తెలియదండి అన్నాను.

ఇంకో వారం.